ఉక్కువీపు బలమెంత

“లారీ మొత్తం లేపాలె. గదీ బలమంటే!” అఖిల పెన్సిలుతో కాగితాన్ని టకటకా కొట్టింది.

“లారీ లేపినంక ఇగ కథేముంటదక్కా? దొంగలొచ్చిన్రు, లారీ లేపిండు, ఖతం. ఏడో పేజీల్నే అయిపోతది,” అన్నాడు తమ్ముడు రాజ్‌కుమార్.

ఆదివారం పొద్దున. బొమ్మల కథల పోటీకి మరునాడే ఆఖరు తేదీ. కథ అఖిలది. ఆమె మిర్యాలగూడలోనే ఓ ప్రైవేటు బడిలో టీచరు. బొమ్మలు రాజ్‌కుమార్‌వి. ఎనిమిది పేజీల్లో ఇంకా రెండు మిగిలాయి. వీరుడి పేరు ఉక్కువీపు. మామూలప్పుడు రైసు మిల్లులో హమాలీ. ఎవరికైనా ఆపద వస్తే మాత్రం మెడకు ఎర్రగుడ్డ కట్టుకుని గాల్లోకి లేస్తాడు. ముఖం అచ్చంగా తండ్రి పర్వతాలుదే.

ఆ పర్వతాలు గోడవార మంచం మీద పడుకుని ఇద్దరి కొట్లాటా వింటున్నాడు. మిల్లులో ఎత్తుగా పేర్చిన బస్తాల నెట్టు మీదినుంచి పడి ఎనిమిది నెలలైంది. నడుము కింద కదలిక లేదు.

“నాయినా, నువ్వే చెప్పు. ఉక్కువీపు ఎన్ని బస్తాలు మోయాలె?”

“నన్నడుగుతవేందే? నా మెడకు గా ఎర్ర దుప్పటి కట్టినప్పుడు అడిగినవా?”

ముగ్గురూ నవ్వారు. పత్తి ఏరడానికి పోయిన తల్లి ఉంటే ఆమె కూడా నవ్వేది. ఆ ఇంట్లో నవ్వు వినబడేది ఈ బొమ్మల కథ ముందేసుకున్నప్పుడే.

“ముందు వీనికి చెప్పు నాయినా, తల దువ్వుకొమ్మని. పిట్ట గూడు లెక్క ఏసుకొని కాలేజీకి గిట్లనే పోతున్నడు.”

“నా లెక్క మిషిన్ కొట్టిచ్చుకోరా. దువ్వుడు పనే ఉండది.”

అఖిలకు ఊహ తెలిసినప్పటి నుంచీ తండ్రి తల అంతే, గింజంత జుట్టు. మిల్లు దుమ్ముకు అదే సుఖం అనేవాడు.

ఆయన పడ్డ కొత్తలో రాజ్‌కుమార్ చదువు మానేస్తానన్నాడు. పర్వతాలు రెండు రోజులు ముద్ద ముట్టలేదు. “నేను లేస్తనో లేవనో, నువ్వు మాత్రం మిల్లు గేటు తొక్కొద్దు” అని చేతిలో చెయ్యి వేయించుకున్నాకే తిన్నాడు. అప్పటినుంచి రాజ్‌కుమార్ రోజూ ఆరు గంటల బస్సుకు కోదాడ పోతున్నాడు, పాలిటెక్నిక్‌కు. వస్తూ వస్తూ నాయిన మందులు కూడా అక్కడి నుంచే తెస్తాడు. దోస్తు వాళ్ల మెడికల్ షాపట, పైసలు అడగరట.

“సరే, లారీ లేపుతడు,” రాజ్‌కుమార్ ఓ మెట్టు దిగాడు. “కానీ నొప్పి ఉండాలె.”

“వద్దు. నొప్పి గిప్పి ఏముండొద్దు.”

“ఎందుకొద్దు?”

అఖిల మంచం వైపు చూసింది. గీసిన పేజీలను నాయిన రోజూ దిండు పక్కన పెట్టించుకుని చూసుకుంటాడు. కాగితం మీదన్నా ఆయనకు నొప్పి ఉండకూడదనే ఆమె మనసులో ఉంది.

“నొప్పి లేకపోతే వాడు వీరుడెట్లయితడక్కా? క్రేన్ అయితడు. క్రేన్ కోసం ఎవలన్న ఏడుస్తరా?”

అఖిల పెన్సిలు కొరికి, “మంచిది. అయితే లారీ ఎత్తంగనే మూతి వంకర్లు తిరిగినట్టు గీయి,” అంది.

“మోసేటప్పుడు తెల్వదక్కా నొప్పి,” రాజ్‌కుమార్ గీస్తూ గీస్తూ తల ఎత్తకుండానే అన్నాడు. “ఒళ్లు కాగి ఉంటది. రాత్రి గూడ తెల్వది, సచ్చినట్టు నిద్రొస్తది. తెల్లారినంక తెలుస్తది. దువ్వెన పట్టుకొని చెయ్యి లేపుతె చెవు దాక వస్తది. ఆడ్నే ఆగుతది. నెత్తి మీదికి పోదు. లారీ ఎత్తినోడు దువ్వెన ఎత్తలేడు. గంతే ఉండాలె వాని బలం.”

అఖిల నోరు తెరుచుకుని విన్నది. ఆఖరి పేజీ కళ్ల ముందు కనబడింది: అద్దం ముందు ఉక్కువీపు, చేతిలో దువ్వెన, చెవి దగ్గర ఆగిపోయిన చెయ్యి.

“అబ్బ! గిది సాలురా. ప్రైజు మనకే!” గబగబా రాసుకుంది. “ఎట్ల తట్టిందిరా నీకు?”

“ఎట్లేంది... నాయినను సూసి.”

“విన్నవా నాయినా, నీ కొడుకు ఏం చెప్తున్నడో!”

పర్వతాలు నవ్వలేదు. ఆయన చెయ్యి మెల్లగా తన గింజంత జుట్టు మీదికి పోయి అక్కడే ఉండిపోయింది.

“నన్ను సూసి గాదు,” అన్నాడు. “దువ్వెన ముచ్చట ఇరవై రెండేండ్ల సంది మీ అమ్మకు గూడ తెల్వనియ్యలే.”

రాజ్‌కుమార్ పెన్సిలు ఆగిపోయింది. అఖిల తమ్ముడి చెదిరిన జుట్టు వైపు చూసింది.

పర్వతాలు గోడ వైపు ముఖం తిప్పుకుని అడిగాడు.

“కోదాడల ఏ మిల్లు, కొడకా?”