ప్రజల వేషం

"ఆఫీసరు గారు మాట ఆపగానే చప్పట్లు కొట్టాలి. అంతకుమించి మీకు డైలాగుల్లేవు," అన్నాడు ఏజెంటు వీరరాఘవయ్య. ఫిల్మ్‌నగర్ అభివృద్ధిపై ప్రజాభిప్రాయ సభకు కృష్ణానగర్ నుంచి ముప్పైమంది జూనియర్ ఆర్టిస్టులను తోలుకొచ్చాడతను.

"రోడ్డు పక్క ఇడ్లీ బండ్లన్నీ తీసేస్తాం," అని ఆఫీసరు ఆగాడు. చప్పట్లు మోగాయి.

వేషాల్లేని రోజుల్లో ఆ రోడ్డు పక్కనే ఇడ్లీలమ్మే భూలక్ష్మి చేతులు మాత్రం కలవలేదు. లేచి నిలబడింది.

"బండి తీసేస్తే మేమేం తినాలె సారూ? మమ్మల్ని అడగనీకే పిలిచిన్రు గద!" అంటూ ఏడ్చేసింది.

ఆమె ఆపగానే మళ్లీ చప్పట్లు.

వీరరాఘవయ్య ఉరికొచ్చాడు. "ఈ డైలాగు నీకెవరిచ్చారే?"

"ఎవ్వరియ్యలే. గది నా బండి."

ఆఫీసరు ముచ్చటపడ్డాడు. "బాగా చేసిందయ్యా! రేపు యూసుఫ్‌గూడ సభకూ తీసుకురా. అక్కడ మాత్రం బండ్లు తీసెయ్యమని ఏడవమను."