ఇటలీ పళ్ళెం, అమెరికా పళ్ళెం

"చెప్పన్నా, ఇటలీ సారుకు కాఫీ ఎప్పుడియ్యాల?" సుభాన్ వంటింటి గుమ్మానికి ఆనుకుని ప్రశ్నలు వేస్తున్నాడు.

"తిన్నంక. గింతంత గిలాసల, పాలు లేకుంట," అన్నాడు బుచ్చన్న రొయ్యలు ఒలుస్తూ.

"అమెరికా సారుకు?"

"తింటుండంగనే. పాలు పోసి, చెంబెడు."

"ఐసు?"

"అమెరికాకు గిలాస నిండ. ఇటలీకి ఏస్తే కడుపు నొస్తదంటడు."

"ఇంకేం, పాసైపోయినావు."

సుభాన్‌ది కడప. ఆ ఇద్దరు ఇంజనీర్లనూ నెలరోజులుగా సౌదీలోని రాబిగ్ రిఫైనరీకి తిప్పుతున్న డ్రైవరు. ఆ నెలలో అతనికి అర్థమైందేమిటంటే, తెల్లవాళ్ళంతా ఒక్కటే అనుకోవడం మన అమాయకత్వం. ఇటలీవాళ్ళకు భోజనం ఒక పూజ. ముందు పాస్తా, అది ముగిశాక మాంసం, అదీ ముగిశాక ఆకులు. వరస తప్పితే అపచారం. అమెరికావాళ్ళకు అదంతా టైమ్ వేస్టు. ఉన్నదంతా ఒకే పళ్ళెంలో గుట్టపోసి, పైన చీజ్ కురిపించి, పావుగంటలో లేచిపోవాలి. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఈ శుక్రవారం భోజనం నచ్చితే వాళ్ళ కంపెనీ, బుచ్చన్నకు వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, అబూ నాసర్ గెస్ట్‌హౌస్‌ను ఏడాదికి తీసుకుంటుంది. నచ్చకపోతే ఎగ్జిట్ కొట్టి, అంటే వీసా రద్దుచేసి, సొంతూరు జగిత్యాల పంపిస్తానని ఆయన పొద్దున్నే బుచ్చన్నకు వేలు చూపించి చెప్పాడు. ఇంటిపని వీసా మీద వచ్చినవాడికి కఫీల్ మాటే చట్టం. అయినా బుచ్చన్న చేతివంట మీద ఆయనకు ఎంత గురి అంటే, స్నేహితులెవరైనా నాలుగు రోజులు పంపమని అడిగినా ససేమిరా అంటాడు.

పొద్దున ఊర్నుంచి ఫోన్లో భార్య పుష్ప, "ఇయ్యాల ఏమైతదో ఏమో, నాకు గుండె దడదడ అంటుంది," అంది.

"నాకు గూడ," అని పెట్టేశాడు బుచ్చన్న.

జుమ్మా నమాజు అయ్యాక అతిథులు వచ్చారు. ఇటలీ ఆయన లొరెంజో ఇస్త్రీ మడత నలగకుండా కూర్చుని రుమాలు ఒళ్ళో పరచుకున్నాడు. అమెరికా ఆయన క్లిఫర్డ్ టోపీ కూడా తీయకుండా ఫోర్కు అందుకున్నాడు. అబూ నాసర్ వాళ్ళిద్దరి మధ్య కొత్త పెళ్ళికొడుకులా నవ్వుతూ కూర్చున్నాడు.

బుచ్చన్న వడ్డన మొదలుపెట్టాడు.

లొరెంజో ముందు పెద్ద పళ్ళెం దిగింది. ముక్కలుగా విరిచి ఉడికించిన స్పెగెటీ, దాని మీద రొయ్యలు, వాటి పక్కన చికెన్, అన్నిటి మీదా చీజ్. పక్కన ఐసు కోలా. దాని పక్కన నురగ పొంగుతున్న పాల కాఫీ. లొరెంజో ఆ పళ్ళేన్ని శవాన్ని చూసినట్టు చూశాడు.

క్లిఫర్డ్ ముందు చిన్న పళ్ళెం దిగింది. అందులో పిడికెడు పాస్తా, నాలుగు రొయ్యలు. చల్లదనం లేని నీళ్ళు. అతను రెండు ముద్దల్లో ఖాళీ చేసి, "మిగతాది ఎక్కడ?" అన్నాడు.

మిగతాది చాలాసేపటికి గానీ రాలేదు.

పరీక్షకు ముందు అన్నీ వచ్చినవాడికి హాల్లోకి వెళ్ళగానే మెదడు మొద్దుబారడం కొత్తేమీ కాదు. సుభాన్ వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు.

"అన్నా, తారుమారైపాయ. ఎవురిది వాళ్ళకు మార్చేస్తా."

"ఎంగిలైనయ్ గద తమ్మీ. ఒకరి ఎంగిలి ఇంకొకరికి పెడ్తమా?"

అక్కడ బల్ల దగ్గర పళ్ళేలు మార్చే పని క్లిఫర్డే మొదలుపెట్టాడు. "నీకు వద్దా? ఇటు నెట్టు," అన్నాడు.

"దీన్ని నీకివ్వడం కూడా పాపమే," అన్నాడు లొరెంజో. "రొయ్యల మీద చీజ్ తినే మనిషికి ఎదురుగా నేను ఏడాది కూర్చోలేను."

"నాలుగు ఆకులకు గంటసేపు ఎదురుచూసే మనిషితో నేనూ కూర్చోలేను."

ఈలోగా బుచ్చన్న మన పద్ధతిలో కొసరి కొసరి లొరెంజోకు ఇంకాస్త చీజ్ వడ్డించాడు. వద్దంటే మొహమాటం అనుకుని మరీ వడ్డించాడు. లొరెంజో రుమాలు బల్ల మీద పడేసి లేచాడు. క్లిఫర్డ్ అప్పుడే వచ్చిన ఉగ్గుగిన్నెంత కాఫీని చూసి, బయట బర్గర్ దొరుకుతుందా అని సుభాన్‌ను అడిగాడు. ఇద్దరూ ఒక్క విషయంలో మాత్రం ఏకమయ్యారు. ఈ గెస్ట్‌హౌస్ వద్దు.

కారు వెళ్ళిపోయాక అబూ నాసర్ మొహం కందగడ్డలా మారింది. నోటికొచ్చిన అరబ్బీ తిట్లన్నీ తిట్టి, "ఖలాస్, నువ్వొద్దు, నీ వంటొద్దు" అంటూ జేబులోంచి ఫోన్ తీసి సర్కారు యాప్‌లో అక్కడికక్కడే ఎగ్జిట్ కొట్టేశాడు. బుచ్చన్న తలవంచుకుని నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అతిథుల్ని దింపి వచ్చిన సుభాన్‌కు సంగతి తెలిసింది. "నేను నేర్పించడమే సరిగా లేదేమో. పోయి ఆయన కాళ్ళు పట్టుకుంటా, ఉండన్నా."

"వద్దు తమ్మీ, నీకు దండం పెడ్త. కోపంల ఉన్నడు, ఇప్పుడు కదపకు," అని బుచ్చన్న అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

తర్వాత గదిలోకి వెళ్ళి, తలుపేసుకుని, పుష్పకు ఫోన్ చేశాడు.

"ఏమైంది?" అంది ఆమె.

"పంపిస్తుండు."

అవతల పుష్ప వెక్కివెక్కి ఏడ్చింది. ఆమె ఏడుపు ఆగేదాకా బుచ్చన్న గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

"మూడేండ్లు బతిమిలాడినా ఇయ్యని ఎగ్జిట్, నువ్వన్నట్టు పళ్ళేలు మారిస్తే ఇచ్చిండు."