దీర్ఘం లేని క్షేమం

నలభయ్యో పేజీలోనూ అదే తప్పు. ‘క్షెమం’.

కామా అక్క చేతిలో ఎర్రపెన్ను ఆగిపోయింది. ఒక్క కామా పోయినా ఊరుకోదని పత్రికాఫీసులో పెట్టిన పేరది. ఇప్పుడు పుస్తకాలకి ప్రూఫులు దిద్దుతోంది. అచ్చుతప్పు చూసి కోపం రావడం ఆమెకి మామూలే గానీ, చెమటలు పట్టడం ఇదే మొదలు.

ఈ ఆత్మకథ రాసినాయన ఒకప్పుడు అదే పత్రికకి పరదేశాల నుంచి యుద్ధవార్తలు పంపేవాడు. ‘నేను క్షేమం’ అని దీర్ఘంతో రాస్తే నిజంగానే క్షేమం. దీర్ఘం లేకపోతే, ఎవరో పీకమీద కత్తిపెట్టారని గుర్తు. ఆ గుర్తు తెలిసింది ముగ్గురికే: అతనికి, కామా అక్కకి, ప్రతి ఉత్తరంలో ముందు ఆ దీర్ఘం కోసమే వెతుక్కునే అతని భార్యకి. అదృష్టం, అప్పట్లో దాని అవసరం పడలేదు.

ఫోన్ చేస్తే మోగలేదు. ప్రూఫులు సంచిలో కుక్కుకుని అతనింటికి పరిగెత్తింది. తలుపు తట్టింది. లోపల ఒకటి, రెండు, మూడు గడియలు, ఆపైన తాళం తీసిన చప్పుడు.

“కామా అక్కా! చెప్పాపెట్టకుండా వచ్చావేంటి?” అతనే, నవ్వుతూ.

“లోపలెవరున్నారు?” గొంతు తగ్గించి అడిగింది.

“ఎవరుంటారు, మేమిద్దరమే.”

“ఎవరైనా బెదిరిస్తుంటే తల ఊపు, చాలు.”

అతను పగలబడి నవ్వాడు. “నన్నా? తుపాకుల మధ్య తిరిగొచ్చినవాణ్ణి!”

“మరి ఫోనేమైంది?”

“తీయించేశాను. రాతకి అడ్డం.”

“మీ ఆవిడేది?”

“పడుకుంది. ఈమధ్య మనుషులంటే పడట్లేదు తనకి.”

కామా అక్క పేజీ చూపించింది. “ఇది చూడు. పదకొండు చోట్ల!”

అతను కళ్లజోడు సర్దుకుని చూశాడు. “దీర్ఘం పోయింది. దీనికేనా ఇంత హడావిడి?”

గుర్తు మర్చేపోయాడు! ఆమె ప్రాణం కుదుటపడింది. అనవసరంగా హడలిచచ్చానని తనమీద తనకే నవ్వొచ్చింది.

“ముప్పై ఏళ్లలో నీ రాతలో ఒక్క దీర్ఘం తప్పలేదయ్యా. ముసలితనం వచ్చేసింది నీకు,” అంది.

“నన్నెందుకంటావక్కా?” అన్నాడతను, తాళంచెవి జేబులో వేసుకుంటూ. “టైపు చేసింది మా ఆవిడ.”