కుదరని పళ్ళు

ఆ రోజు ఇంట్లో ముగ్గురే ఉన్నారు. శ్యామ్, అతని భార్య రసజ్ఞ, హాల్లో సోఫా అంచున కూర్చున్న పెద్దావిడ. పిల్లాణ్ణి పొద్దున్నే కరాటే క్లాసుకు పంపేశారు. వంటమనిషిని రావద్దన్నారు. కొత్తగూడ చౌరస్తా హోరు పదకొండో అంతస్తు దాకా వస్తోందని బాల్కనీ తలుపు కూడా బిగించేశారు.

పెద్దావిడ నోట్లో కట్టుడు పళ్ళు పొద్దుటి నుంచీ గుచ్చుకుంటున్నాయి. పై సెట్టు అంగిలికి అంటుకోదు. మాట్లాడబోతే జారి కింది పళ్ళ మీద టక్కున పడుతుంది. కింది సెట్టు నాలుక కదిలినప్పుడల్లా తెప్పలా తేలుతుంది. ఎడమ పక్క చిగురు ఒరుసుకుపోయింది. నోరంతా ఉప్పగా ఉంది.

"మళ్ళీ చెప్పండి. పేరు?" అంది రసజ్ఞ.

"అనఫూయమ్మ."

"ఫూ కాదు, సూ. అనసూయమ్మ."

"జర ఆగు బిడ్డా. పండ్లు గుచ్చుతున్నయి."

"జర కాదు, కొంచెం. పండ్లు కాదు, పళ్ళు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన టీచరు మాటలా ఇవి?"

పెద్దావిడ తల దించుకుంది.

శ్యామ్ గడియారం చూశాడు. అతని ఉద్యోగం పోయి ఏడు నెలలైంది. మాదాపూర్‌లో గాజు మేడలన్నీ ఎక్కి దిగాడు. ఎక్కడి నుంచీ పిలుపు లేదు. ఇల్లు నడుస్తున్నది అనసూయమ్మ టీచరు పింఛను మీదే. బతికున్నట్టు ఏటా నవంబరులో ఇవ్వాల్సిన రుజువుకు ఈసారి మిషన్లో వేలిముద్ర పడలేదు. వేళ్ళు అరిగిపోయాయని శ్యామే రాసి పంపాడు. మనిషి బతికే ఉందో లేదో కళ్ళారా చూసుకోవడానికి పింఛను ఆఫీసు నుంచి ఒకతను వస్తున్నాడు.

"పండ్లు తీసి కూసుంట," అంది పెద్దావిడ. "ఊకె నోరు మూసుకొనుంట."

"కుదరదు. తీస్తే బుగ్గలు లోపలికి పోతాయి. పింఛను పుస్తకంలో ఫొటో పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది." రసజ్ఞ గొంతు కాస్త తగ్గించింది. "ఈ ఒక్క పూట ఓర్చుకోండి. ఇది గట్టెక్కితే రేపే క్లినిక్‌కి తీసుకెళ్తాను. మీ నోటి కొలతకే కొత్త సెట్టు కట్టిస్తాం."

పెద్దావిడకు కావలసింది అదొక్కటే. రెండేళ్ళుగా రొట్టెను పప్పులో నానేసి మింగుతోంది. కూతురి బిడ్డ ఫోన్ చేస్తే, "నువ్వేమంటున్నవో సమజైతలేదు అమ్మమ్మా" అని నవ్వి పెట్టేస్తోంది. ఒక్క రొట్టె ముక్క కొరికి తినాలి. ఆ పిల్లతో నాలుగు ముక్కలు తెలిసేలా మాట్లాడాలి. దానికోసం ఈ పూట నెత్తురు మింగమన్నా మింగుతుంది.

బెల్ మోగింది.

"అత్తయ్యా, ఆఫీసు నుంచి వచ్చారు," అంది రసజ్ఞ. గొంతులో తేనె.

వచ్చినతని పేరు రవీందర్. చంకలో ఫైలు, చేతిలో హెల్మెట్. కూర్చోకుండా ముందు గోడకేసి చూశాడు. దండ వేసిన ముసలాయన ఫొటో పక్కన ఒక మేకు ఖాళీగా ఉంది. దాని కింద గోడ చదరంగా, చుట్టూ కన్నా తెల్లగా ఉంది.

"ఈడ ఏదో తీసినట్టున్నరు?"

"దేవుడి పటం. అద్దం పగిలింది," అన్నాడు శ్యామ్, మరీ తొందరగా.

రవీందర్ పుస్తకంలో ఫొటోను, పెద్దావిడ ముఖాన్ని మార్చి మార్చి చూశాడు. "మేడమ్, పేరు చెప్పుండ్రి."

ఆవిడ నాలుకతో కింది సెట్టును అదిమి పట్టింది. "అన... సూయమ్మ." ఈల వచ్చింది గాని పేరు కూడా వచ్చింది.

"ఏ ఊరి బడిల రిటైరైన్రు?"

పొద్దుటి నుంచీ ఆ మాట పదిసార్లు నోట్లో విరిగింది. "శేరి..." పై సెట్టు జారింది. టక్.

"శేరిలింగంపల్లి అండి. అమ్మకు కొత్త పళ్ళు..." అన్నాడు శ్యామ్.

"మీరు ఆగుండ్రి సార్. మేడమే చెప్పాలె." రవీందర్ పెన్ను కాగితం మీద ఆగిపోయింది.

రసజ్ఞ ముఖంలో రంగు పోయింది. పెద్దావిడ ఆమె వైపు చూసింది. తర్వాత బొటనవేలు నోట్లో పెట్టి, పై సెట్టును అంగిలికేసి నొక్కి పట్టింది. "శేరిలింగంపల్లి," అంది. బయటికి తీసిన వేలికి ఎర్రగా తడి అంటుకుంది.

రవీందర్ కరిగిపోయాడు. "పరేషాన్ కాకుండ్రి మేడమ్. మా నాయనది గూడ గిదే బాధ. పెట్టుకున్నప్పుడల్లా ఎవరి నోటికో చేసిన పండ్లు నాకు పెట్టిన్రని ఒకటే లొల్లి. ఇగ డబ్బాల పడున్నయి."

ఎవరూ నవ్వలేదు.

"ఒక్కపారి నవ్వుండ్రి," అని అతను సెల్‌తో ఫొటో తీసుకున్నాడు. ఆవిడ పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. అతను ఫైల్లో ఒక గడిలో టిక్కు పెట్టి, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

లిఫ్టు దిగిన చప్పుడు విన్నాక శ్యామ్ ఖాళీ మేకు కింద కుర్చీలో కూలబడ్డాడు. రసజ్ఞ వంటింట్లోకి వెళ్ళి స్టీలు గ్లాసులో నీళ్ళు తెచ్చింది. పెద్దావిడ చేతిసంచి అందించి, గుమ్మం దాకా నడిపించింది.

"క్లినిక్కు రేపే కదా బిడ్డా? ఎన్ని గంటలకు రమ్మంటవు?" అంది పెద్దావిడ గడప దాటి, ఆశగా వెనక్కి తిరిగి.

"మా అత్తయ్య పళ్ళు ఇందులో వేసెయ్యండి చంద్రమ్మా, వచ్చే నవంబరుకి మళ్ళీ పిలుస్తాం," అని గ్లాసు చాపిన రసజ్ఞ, పళ్ళు నీళ్ళలో పడగానే తలుపు మూసేసింది.