గంట వంతు

ఆ మధ్యాహ్నం బల్ల మీదున్న అద్దాల పెట్టెలో వేడి హద్దు దాటింది. తెర మీద అంకె ఎర్రబడింది. గంట మాత్రం మోగలేదు.

"చూశారా సార్," అంది వంతులమ్మ.

పెద్దాయన చూశాడు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లు తయారు చేసే ఆ చిన్న కంపెనీ ఆయనదే. పెట్టె లోపలి చిప్పు ఒకసారికి ఒక్క పనే చేస్తుంది. వేడి పెట్టడం, వేడి కొలవడం, తెర మీద అంకెలు చూపడం, ప్రమాదమైతే గంట కొట్టడం. వీటన్నిటికీ వంతులు వేసే ప్రోగ్రాం రాసింది ఆమె. అందుకే ఆఫీసులో అందరూ ఆమెను వంతులమ్మ అని ఆటపట్టిస్తారు.

"ఎందుకు మోగలేదు?"

"ఈ చిప్పుకి పాయింటు లెక్కలు రావండీ. అందుకని మీటర్లు మానేసి మిల్లీమీటర్లలో కొలిచినట్టు, చిప్పు సమయంలో ఒక్కో పనికి వచ్చే వాటాని ఒక పెద్ద అంకెతో గుణించి, పాయింటు లేకుండా దాచుకుంటాం. ముందు గుణించాలి, తర్వాత భాగించాలి. నేను ఒకచోట ముందే భాగించేశాను."

"భాగిస్తే?"

"సున్నా పాయింటు ఎంతో వస్తుంది. పాయింటు తర్వాతది చిప్పు పారేస్తుంది. మిగిలేది సున్నా. దాన్ని ఇక ఎంతతో గుణించినా సున్నాయే కదండీ. మామూలప్పుడు ఏమీ తేడా రాదు. పనులన్నీ ఒక్కసారి మీద పడితే మాత్రం గంటకి వంతే రాదు."

పెద్దాయన గడ్డం గోక్కున్నాడు.

"పెద్ద ఆసుపత్రిలో వాడుతున్న మన పెట్టెల్లో ఎప్పుడైనా ఇలా అయిందా?"

"ఇంకా కాలేదండీ."

"మరి గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? వచ్చే నెల ఎలాగూ కొత్త ప్రోగ్రాం వేస్తాంగా. రేపు ఆ ఆసుపత్రివాళ్ళే ఇంకో ఆర్డరు మీద సంతకం పెట్టబోతుంటే, ఇవాళ వెళ్ళి మా పెట్టెల్లో తప్పుందని మనమే చాటింపు వేసుకోవాలా? కొంప మునుగుతుందమ్మాయ్. వర్క్‌షాపులో అంతమందికి నేనేం సమాధానం చెప్పను?"

ఆయన చెడ్డవాడు కాదు. నెల తిరిగేసరికి జీతాలివ్వాల్సినవాడు, అంతే. అది వంతులమ్మకు తెలుసు. కానీ వచ్చే నెల దాకా ఆ పెట్టెల్లో పడుకునే పసివాళ్ళు ఆమె కళ్ళ ముందు మెదిలారు. తప్పు తనది.

"మా చెల్లెలి పాప అక్కడే ఉందండీ," అంది. "మూడో పెట్టెలో."

ఆమెకు చెల్లెలు లేదు. అక్క కూడా లేదు. పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడి గట్టెక్కిన పాపాన పోలేదేమో, గొంతు పిల్లికూనలా కీచుమంది.

పెద్దాయన ఆమె ముఖంలోకి కాసేపు అలాగే చూశాడు. తర్వాత సొరుగు లాగి కారు తాళాలు తీశాడు.

"ముందే చెప్పొద్దూ," అన్నాడు.

దారిలో ఆయన కారు నడుపుతూంటే ఆమె ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని తప్పు సరిచేసింది. ఒకే ఒక్క వరుస. గుణకారం ముందుకు, భాగహారం వెనక్కి.

"చెల్లెలికీ నీకూ ఎంత తేడా?" అనడిగాడు ఆయన ఉన్నట్టుండి.

"రెండేళ్ళండీ."

"పాపది మీ చెల్లెలి పోలికేనా?"

"మా నాన్న పోలికండీ."

"ఊఁ," అన్నాడు.

అబద్ధానికి అబద్ధం తోడవుతోంది. ఆమె తల ఎత్తకుండా కిటికీ వైపు తిరిగింది.

ఆసుపత్రిలో పెద్దాయన ఏమీ దాచలేదు. పెద్ద నర్సు దగ్గర నిలబడి, జరిగింది జరిగినట్టు తానే చెప్పాడు. ఆవిడ పెట్టిన చీవాట్లన్నీ తల వంచుకుని తిన్నాడు. తిట్టడం అయ్యాక ఆవిడే చేతులు కడుక్కుని పనిలోకి దిగింది.

ముందు ఖాళీ పెట్టెలో కొత్త ప్రోగ్రాం ఎక్కించారు. ఒక బిడ్డను అందులోకి మార్చి, ఖాళీ అయినదాన్ని బాగుచేశారు. అలా ఒకదాని తర్వాత ఒకటి. ప్రతిసారీ వంతులమ్మ ఖాళీ పెట్టె మీద పనులన్నీ ఒక్కసారిగా కుమ్మరించి, వేడి పెంచి చూసింది. ప్రతిసారీ గంట ఖణేల్‌మంది.

"మూడోదాంట్లో బాబు. మెల్లగా," అంది నర్సు, బిడ్డను ఎత్తుతూ.

వంతులమ్మ చేస్తున్న పని ఆపింది. పెద్దాయనతో తను చెప్పింది పాప అని. ఓరకంట చూసింది. పెద్దాయన వంగి వైరు సర్దుతున్నాడు. విన్నట్టు లేదు.

ఆఖరి పెట్టె గంట కూడా మోగాక ఆమె గోడకు ఆనుకుని "హమ్మయ్య" అంది పైకే. ఒంట్లో బరువంతా దిగిపోయింది. రేపు ఉద్యోగం ఉంటే ఉంటుంది, ఊడితే ఊడుతుంది. ఇవాళ కంటి నిండా నిద్ర పడుతుంది. అద్దం వెనక, మూడో పెట్టెలోంచి మార్చిన పిడికెడంత బాబు ఇంత నోరు తెరిచి ఆవులించాడు. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటే కళ్ళనీళ్ళూ వచ్చాయి.

ఆ బాబు తల్లి పక్కనే కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తోంది. పెద్దాయనను పిలిచింది.

"ఏమండీ, ఈవిడ ఎవరు? ఇందాకట్నుంచీ చూస్తున్నాను, మా వాణ్ణి చూసి నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది."

వంతులమ్మ చప్పున కళ్ళు తుడుచుకుంది.

పెద్దాయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, నింపాదిగా మళ్ళీ పెట్టుకున్నాడు.

"మీ అక్కయ్యేనమ్మా," అన్నాడు. "ఇవాళ మధ్యాహ్నమే అయింది."