భుజానికి కుదరని తుపాకి

"ఇంకా కాలేదా?" సబ్రీన్ గొంతులో ఈసారి మర్యాద లేదు.

"భుజానికి కుదరలేదు మేడం. ఇంకొంచెం చెక్కాలె," అన్నాడు రాజనర్సు తల ఎత్తకుండా.

దోహా నగరంలో, ఫరీజ్ బిన్ మహమూద్ పేటలోని ఆ తుపాకుల వర్క్‌షాపులో అతనే పెద్ద పనివాడు. జగిత్యాల వైపు వడ్రంగి. అక్రోట్ కర్రతో అతను చెక్కిన తుపాకి మడమ, అంటే భుజానికి ఆనే వెనక భాగం, కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కాలా మనిషికి అమరుతుందని పేరు. ఆ పేరు వినే సబ్రీన్ భర్త అర్ఫాత్ వెతుక్కుంటూ వచ్చాడు. పెద్ద ఆపరేషన్ చేయించుకుని లేచిన మనిషి. టాంజానియాలో అడవిదున్నను వేటాడాలని, తన కొలతలకే తుపాకి చేసివ్వమని అడిగాడు.

సబ్రీన్‌ది హైదరాబాద్. "జూలైల వేటకు పోతడట. ఆ మాట మీదనే ఇంత అన్నం తింటున్నడు. జల్ది చెయ్యి భాయ్," అని మొదటి రోజే బతిమాలింది.

జూలై వచ్చింది, పోయింది. ప్రతి గురువారం ఆమె భర్తను కారులో తీసుకొచ్చేది. అర్ఫాత్ మెల్లగా రాజనర్సు గదిలోకి వెళ్ళేవాడు. తలుపు మూసుకునేది. కాసేపటికి ఇద్దరూ బయటికి వచ్చేవారు.

"కుదరలేదు" అనేవాడు రాజనర్సు.

"పర్వాలేదు, తొందరేం లేదు" అని అర్ఫాత్ నవ్వేవాడు. సబ్రీన్‌కు మాత్రం ఒళ్ళు మండేది.

వర్క్‌షాపు యజమాని గయాజ్‌ది నిజామాబాద్. అతనికీ ఓపిక అయిపోయింది.

"నర్సన్నా, చేతులు పడిపోయినయా నీకు? దోహా అంతా నవ్వుతున్నరు. వచ్చిన ఆర్డర్లు గూడ వాపస్ పోతున్నయ్."

"కుదరనిది ఎట్లియ్యాలె సేట్?"

"అయితే ఇదే నీ ఆఖరి పని. ఇది గాంగనే ఇంటికి పో."

ఇంటికి పోయి రాజనర్సు ఏం చేస్తాడు? జగిత్యాలలో తుపాకి మడమలు చెక్కించుకునేది ఎవరు? అయినా ఉలి పట్టుకుని తన గదిలోకి వెళ్ళాడు.

ఆ గురువారం కారు రాలేదు. తర్వాతి గురువారం సబ్రీన్ ఒక్కతే వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"పోయిండు," అంది. "ఆఖరి దాకా నీ తుపాకి కోసమే చూసిండు. అది చేతికొస్తే ఇంకిన్ని రోజులు బతికెటోడు. నువ్వే చంపినవ్."

గయాజ్ సిగ్గుతో తల దించుకున్నాడు.

"ఆ సగం తుపాకి నా ఇంటికి పంపకు," అని ఆమె వెళ్ళిపోయింది.

"సామాను సర్దుకో," అన్నాడు గయాజ్.

రాజనర్సు తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. బీరువా తాళం తీసి, లోపలి తుపాకిని బయటికి తీశాడు.

జూలై రాకముందే పూర్తయిన ఆ తుపాకిని అర్ఫాత్ భుజం దాకా ఎత్తలేక తిరిగి బల్ల మీద పెట్టాడు, ఆ రోజే అడిగాడు: "కాలేదనే చెప్పు రాజనర్సూ, నేను ఎత్తలేనని సబ్రీన్‌కు తెలియొద్దు."