బోనులోంచి చెప్పిన ఆఖరి మాట

ఇలా దగ్గరికి జరగండి. ఆ గోడవారన నిలబడ్డ ఇద్దరూ మీ దూడ బేరం కాసేపు కట్టిపెట్టండి. కోల్మన్ హెనెగన్ సంగతి చెప్తున్నాను. నోళ్ళు మూస్తేనే చెవికెక్కుతుంది.

ఐర్లండులో మాయో కొండల కింద టబర్‌రో అనే ఊళ్ళో కోల్మన్‌కి ఒకటే పిచ్చి. పాత కరపత్రాలు, పాత ప్రసంగాలు. ఇంగ్లిషు దొరల మీద, భూస్వాముల మీద ఐర్లండులో ఎవడు నోరు విప్పినా, అది అచ్చయిన కాగితం ఆయనకి కావాలి. ఏ పాదిరి చనిపోయినా శవపేటిక కంటే ముందు పుస్తకాల పెట్టెకి దణ్ణం పెట్టేవాడు. ముప్ఫై ఏళ్ళలో ఇల్లు నిండిపోయి, మంచం పశువుల కొట్టంలోకి చేరింది. ఆ ఇంట్లో ఎలుకలు కూడా స్వరాజ్యం గురించి రెండు ముక్కలు మాట్లాడేవని చెప్పుకునేవారు.

నిజానికి ఆయన వెతుకుతున్నది ఒక్కటే కాగితం.

డెబ్భై ఏళ్ళ కిందట ఆ ఊరి మార్టిన్ గెరాటీని ఉరి తీశారు. భూస్వామి గుమాస్తాను కాల్చినందుకు. శిక్ష విన్నాక బోనులో నిలబడి అతను మాట్లాడిన మాటల్ని ఎవరో చాటుగా అచ్చేశారు. తనను పోలీసులకు పట్టించిందెవరో అందులో చెప్పాడట. చదివినవాళ్ళు పోయారు. కాగితాలూ పోయాయి.

ఆ ఏడాది నుంచే సంతలో హెనెగన్ల చెయ్యి ఎవరూ పట్టుకోరు. అరచేతిలో ఉమ్మేసి, చెయ్యీ చెయ్యీ చరిస్తేనే అక్కడ బేరం కుదిరినట్టు. కోల్మన్ తాత చెయ్యి చాస్తే అవతలివాడు తన చేతిని జేబులో పెట్టుకునేవాడు. నాన్నకూ అంతే. కోల్మన్‌కూ అంతే. ఒక ఆవును అమ్మాలంటే రెండు రోజులు పొరుగు సీమకు తోలుకుపోవాలి.

ఎందుకని హెనెగన్లు ఎవరినీ అడగలేదు. పోలీసులకు ఉప్పందించినవాడి వంశం అనే మాట అక్కడ పైకి అనరు. అడిగితే ఒప్పుకున్నట్టే. తాత ఏమీ చెప్పకుండానే పోయాడు. నాన్న మాత్రం పోతూ పోతూ, మనవాళ్ళు అలాంటివాళ్ళు కారు, ఆ కాగితం వెతకరా అన్నాడు.

చివరికి అది డీలియా ఫాహర్టీ అనే ముసలమ్మ దుప్పట్ల పెట్టె అడుగున తేలింది. కోల్మన్ ఏమిస్తానన్నా ఆమె వద్దంది. తనవాళ్ళ సమాధుల నేలలో నీళ్ళు ఊరుతున్నాయట. కోల్మన్ భార్య సబీనాను పాతిపెట్టిన చోటు మఠం గోడ పక్కన, గట్టి నేల. అక్కడ ఇంకొక్కరికే జాగా ఉంది.

“ఆ జాగా నాకు రాసియ్యి నాయనా. తడిలో పడుకుంటే నా మోకాళ్ళు లాగేస్తాయి. సబీనా నెమ్మదైన మనిషి, పక్కనుంటే గొడవుండదు,” అంది డీలియా.

“మరి నేనో?”

“నీకేం, గట్టిగా ఉన్నావు. ఎక్కడో అక్కడ సర్దుకుంటావు.”

కోల్మన్ వెళ్ళి సబీనా రాయి ముందు చాలాసేపు నిలబడ్డాడు. టోపీ చేతిలో నలిగి గుడ్డపేలికైంది. మర్నాడు పాదిరి ఎదుట ఆ జాగా రాసిచ్చి, మార్టిన్ కాగితం పుచ్చుకున్నాడు. నెల తిరక్కుండా డీలియా ఆ గట్టి నేలలో సుఖంగా సర్దుకుంది.

సంత రోజొచ్చింది. కోల్మన్ బంగాళాదుంపల బండెక్కి, కాగితం విప్పి, జనం మధ్య పెద్దగొంతుతో చదివాడు.

“నన్ను పట్టించింది నా నోరే. తాగి వాగాను. మూడు రాత్రులు నన్ను గడ్డిలో దాచి అన్నం పెట్టినవాడు హెనెగన్. అతని బిడ్డల్ని దేవుడు చల్లగా చూడాలి.”

మగాళ్ళందరూ టోపీలు తీశారు. ముసలాళ్ళు ముక్కు చీదారు. ఆవులు కూడా నెమరు ఆపాయంటే నమ్మండి.

కోల్మన్ బండి దిగాడు. అరచేతిలో ఉమ్మేసుకుని, ఎదురుగా నిలబడ్డ దూడల బేరగాడు ఫెస్టీ మానియన్‌కి చెయ్యి చాచాడు.

ఫెస్టీ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. పక్కవాడూ పెట్టుకున్నాడు. ఆ పక్కవాడూ.

“విన్నారుగా,” అన్నాడు కోల్మన్. చాచిన చెయ్యి ఇంకా అలాగే ఉంది. “మావాళ్ళు ఉప్పందించలేదు.”

ఫెస్టీ వింతగా చూశాడు. “మార్టిన్‌ని మీవాళ్ళు దాచారని ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు కదయ్యా, మీ తాత మా తాతకి గుడ్డి గాడిదని అంటగట్టాడనేగా మీ చెయ్యి పట్టుకోనిది!”